ప్లగ్గు చెప్పిన సాక్ష్యము

పాత స్కూటరు మొరాయించినప్పుడు మెకానిక్కు మొట్టమొదట చేసెడి పని ఏది? ప్లగ్గు విప్పుట. విప్పిన ప్లగ్గును వెలుతురునకు త్రిప్పి చూచి, కొనను గోటితో గీకి, ఒక్కొక్కప్పుడు వాసన కూడ చూచి, "పెట్రోలు ఎక్కువ తాగుతోందండీ" అనియో, "ఆయిలు పైకి వస్తోందండీ, రింగులు పోయాయి" అనియో తీర్పు చెప్పెడివాడు. పిమ్మట గరుకు కాగితముతో దానిని రుద్ది, కార్బ్యురేటరు మరను పావుచుట్టు త్రిప్పి, బండిని మనకు అప్పగించెడివాడు. ఇంజను లోపల నిమిషమునకు కొన్నివేల సార్లు రగులు మంటను అతడు కంటితో చూడలేదు. గాలి ఎంత, పెట్రోలు ఎంత అని తూచలేదు. బొటనవ్రేలంత వస్తువు కొనపై మిగిలిన రంగును మాత్రమే చదివినాడు.

ఆ చదువులో శాస్త్రమెంత, అలవాటెంత? ఈ ప్రశ్నకు సమాధానము ప్లగ్గు చరిత్రలోనే దొరకును. నూటయరువది ఏండ్లకు మించిన ఆ చరిత్రలో ప్లగ్గు నిజము చెప్పి ఇంజనును కాపాడిన సందర్భములు అనేకము. చదివినవారు పొరబడిన సందర్భములును కలవు. ప్లగ్గును శుభ్రముగా ఉంచబోయి మనుష్యులు తాము పీల్చు గాలిని పాడుచేసికొన్న ఘట్టము కూడ ఒకటి కలదు.

1860లో రెండు సంఘటనలు

1860 జనవరి 24వ తేదీన పారిసు నగరములో ఎత్యెన్ లెన్వార్ అను ఆయన ఒక వాయుయంత్రమునకు పేటెంటు పొందెను. ఆయన పుట్టినది నేటి బెల్జియం దేశములో. వీధిదీపములకు వాడెడి బొగ్గువాయువును గాలితో కలిపి సిలిండరులోనికి తీసికొని, అందు విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టించి మండించుట ఆ యంత్రము విశేషము. బ్యాటరీ విద్యుత్తును రుమ్‌కోర్ఫ్ చుట్ట ద్వారా అధిక వోల్టేజికి పెంచి, పింగాణిలో పొదిగిన లోహపు తీగకు పంపినచో, దాని కొననుండి ఎదుటి కొనకు రవ్వ దుముకును. నేటి స్పార్కు ప్లగ్గునకు ఇదియే పూర్వరూపము.

అదే సంవత్సరము డిసెంబరు నెలాఖరున లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే బాలబాలికలకు క్రొవ్వొత్తిని గురించి ఉపన్యాసములు ప్రారంభించెను. లెన్వార్ యంత్రమునకును ఈ ఉపన్యాసములకును సంబంధమేమియు లేదు. అయినను ప్లగ్గును చదువుటకు కావలసిన రసాయనశాస్త్రము చాలవరకు ఆ క్రొవ్వొత్తిలోనే ఉన్నది. మంట పసుపుపచ్చగా వెలుగుటకు కారణము అందు ఎర్రగా కాగిన సూక్ష్మమైన కర్బన కణములని ఫారడే చూపెను. ఆ కణములు మంట అంచునకు చేరి, గాలిలోని ఆమ్లజనితో కలిసి మండిపోవును. మంట నడుమ చల్లని వస్తువును అడ్డము పెట్టినచో అవి మండకుండనే దానిపై మసిగా దిగును.

పాఠకులు దీనిని ఇంటిలో చేసి చూడవచ్చును. ఒక ఉక్కు చెంచాను క్రొవ్వొత్తి మంటలో ఉంచుడు. క్షణములో నల్లని మసి పట్టును. అదే చెంచాను పట్టుకారుతో పట్టుకొని వంటగ్యాసు నీలిమంటపై ఎర్రబడువరకు కాచుడు. మసి మాయమగును. కాగిన కర్బనము గాలిలోని ఆమ్లజనితో కలిసి వాయువై పోయినది.

ఈ రెండవ ప్రయోగమును మరువరాదు. మసి కనబడవలెనన్న రెండు షరతులు తీరవలెను. అది పుట్టుటకు ఆమ్లజని కొరవడవలెను. పుట్టినది నిలుచుటకు ఆ తావు తగినంత చల్లగా ఉండవలెను. రెంటిలో ఏది తీరకున్నను మసి కనబడదు. ప్లగ్గును చదివినవారి విజయములకును పొరపాట్లకును మూలము ఈ రెండు షరతులే.

గాలి ఎంత, పెట్రోలు ఎంత?

పెట్రోలు అనునది ఒకే పదార్థము కాదు. ఉదజని, కర్బనముల సంయోగపదార్థములు అనేకము అందు కలిసియుండును. వానిలో ఆక్టేనును ఉదాహరణగా తీసికొందము. 114 గ్రాముల ఆక్టేను పూర్తిగా మండి బొగ్గుపులుసు వాయువుగను నీటి ఆవిరిగను మారుటకు 400 గ్రాముల ఆమ్లజని కావలెను. గాలి బరువులో ఆమ్లజని నూటికి సుమారు 23.2 పాళ్లు మాత్రమే. కనుక గాలి సుమారు 1,725 గ్రాములు అవసరము. అనగా ఒక పాలు ఆక్టేనునకు సుమారు 15 పాళ్ల గాలి. సాధారణ పెట్రోలునకు ఈ నిష్పత్తి సగటున 14.7.

అయితే ఇంజను నడుపువానికి ఎల్లప్పుడును ఈ నిష్పత్తియే కావలెనని లేదు. సిలిండరులో పట్టు గాలికి మితి కలదు. ఆ గాలిలోని ఆమ్లజనిని చివరి కణము వరకు వినియోగించి గరిష్ఠమైన బలము రాబట్టవలెనన్న, పెట్రోలు కొంచెము ఎక్కువగా ఉండవలెను; ఒకటికి 12.5 లేక 13 పాళ్ల గాలి చాలును. దీనిని చిక్కని మిశ్రమము అందురు. పొదుపు కావలెనన్న గాలి కొంచెము ఎక్కువగా ఉండవలెను, ఒకటికి 15.5 లేక 16 పాళ్లు. ఇది పలుచని మిశ్రమము. కాబట్టి "సరియైన మిశ్రమము" అను మాటకు "ఏ పనికి?" అను ప్రశ్న తోడుగా ఉండవలెను.

చిక్కదనము వలన మరియొక ప్రయోజనము కలదు. అదనపు పెట్రోలు ఆవిరియగునప్పుడు వేడిని గ్రహించి సిలిండరును కొంత చల్లబరచును. బలము కొరకు చిక్కగా అమర్చిన పందెపు ఇంజనులో పెట్రోలును తగ్గించుచు పోయినచో మొదట వేడి పెరుగును. పూర్తి వేగముతో పోవుచుండగా ఇది మితిమీరినచో మిశ్రమము రవ్వకు ముందే అంటుకొనుటయో, ఒక్కసారిగా పేలినట్లు మండుటయో జరిగి, అల్యూమినియం పిస్టను నెత్తిన రంధ్రము పడవచ్చును. ఇంకను పలుచన చేసినచో మంట నెమ్మదించి, వేడి మరల తగ్గి, ఇంజను తడబడును. పలుచనైన కొలది వేడి పెరుగునను మెకానిక్కుల సూత్రము దారిలో సగము వరకే నిజము.

కార్బ్యురేటరు పుట్టుక

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29వ తేదీన పేటెంటు కోరిన మూడు చక్రముల బండిలో కార్బ్యురేటరు మిక్కిలి సామాన్యమైనది. గాలి ఇంధనము మీదుగా పోవుచు దాని ఆవిరిని వెంట తీసికొని సిలిండరు చేరెడిది. ఎండనుబట్టి, బండి కుదుపునుబట్టి ఆవిరి పాలు మారుచుండెడిది. రవ్వకు బెంజ్ బ్యాటరీని, విద్యుత్ చుట్టను నమ్ముకొనెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కుమారులను వెంట తీసికొని, ఆ బండిపై మాన్‌హైం నుండి ప్ఫోర్ట్స్‌హైం వరకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీ సూదితో పొడిచి దానిని సరిచేసెననియు, రవ్వ తీగపై తొడుగు అరిగిపోగా మేజోటి పట్టీని చుట్టెననియు చెప్పుదురు. తరువాత నూరేండ్లు మెకానిక్కులు చూచిన రోగములలో అధిక భాగము ఈ రెండు జాతులవే: ఇంధనము, రవ్వ.

1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ కొత్త పద్ధతిని తెచ్చెను. గాలి ఇరుకైన గొంతుగుండా వడిగా పోవునప్పుడు అచ్చట పీడనము తగ్గును. ఆ తావున సన్నని రంధ్రముగల జెట్టును ఉంచినచో పెట్రోలు తానే పైకి వచ్చి తుంపరగా గాలిలో కలియును. అదే సంవత్సరము హంగరీలో దోనాత్ బాంకి, యానోష్ చోంక అనువారు ఇట్టి సాధనమునకే పేటెంటు పొందిరి. కార్బ్యురేటరు నిజముగా పనికివచ్చు వస్తువైనది అప్పటినుండియే.

కాని ఒక చిక్కు మిగిలినది. ఒకే జెట్టు ఉన్నచో గాలి వడి పెరిగిన కొలది పెట్రోలు ఇంకను ఎక్కువ పాలులో వచ్చును. నెమ్మదిగా పోవునప్పుడు సరిపోయిన జెట్టు వేగమున చిక్కనగును. అందుచేత మోటారుసైకిలు కార్బ్యురేటరులో పనిని పంచిరి. నిలిచియున్నప్పుడు చిన్న జెట్టు, నడిమి వేగములందు ఏటవాలు సూది, థ్రాటిల్ ముప్పాతిక దాటి తెరచినప్పుడు పెద్ద జెట్టు మిశ్రమమును నిర్ణయించును. మూడింటిలో ఏది తప్పు చేయుచున్నదో తెలిసికొనుట ఎట్లు? పొగగొట్టము చెంత రసాయన పరీక్ష చేయు సాధనములు సామాన్యులకు అందనివి. సిలిండరు లోపలికి పోయి, మంటలో నిలిచి, తిరిగి మన చేతికి రాగల సాక్షి ఒక్కటే, అది ప్లగ్గు.

సాక్షికి కావలసిన వేడి

ప్లగ్గు అందరి ఇంజనులలోను చోటు సంపాదించుటకు కొంత కాలము పట్టినది. డైమ్లర్, మైబాఖ్‌లు 1885లో చేసిన వేగపు ఇంజనులో రవ్వకు మారుగా, వెలుపల దీపముతో ఎర్రగా కాచిన గొట్టము వాడబడినది. 1902లో స్టుట్‌గార్టులోని రాబర్ట్ బాష్ కర్మాగారమున గోట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను సిద్ధపరచెను. బ్యాటరీ లేకయే, ఇంజను త్రిప్పు అయస్కాంత యంత్రమునుండి ప్లగ్గునకు రవ్వ అందసాగినది. ఆ మీదట కాచిన గొట్టములకు కాలము చెల్లినది.

వెంటనే కొత్త సమస్య తలయెత్తినది. ప్లగ్గు నడిమి తీగను కప్పియున్న పింగాణి ముక్కు మరీ చల్లగా ఉన్నచో దానిపై మసి పేరుకొనును. మసి కర్బనము, విద్యుత్తును పోనిచ్చును. రవ్వ దుముకవలసిన విద్యుత్తు మసిమీదుగా జారిపోవును. ముక్కు మరీ వేడెక్కినచో అది కాలిన కొరివివలె మిశ్రమమును వేళకు ముందే అంటించును. సుమారు 450 సెంటీగ్రేడు డిగ్రీలు దాటినచో మసి దానంతట అదే మండిపోవును. సుమారు 850 డిగ్రీలు దాటినచో అకాలదహన భయము కలుగును. ఈ రెండు హద్దుల నడుమ ప్లగ్గును నిలుపుటయే ప్లగ్గు తయారీలోని మెలకువ. ముక్కు పొడుగైనచో వేడి తల లోహమునకు చేరు దారి పొడుగగును. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిదైనచో వేడి త్వరగా జారిపోవును. అది చల్లని ప్లగ్గు. నిదానముగా నడుచు ఇంజనునకు మొదటిది, పందెపు ఇంజనునకు రెండవది తగును.

ఇచ్చట ఫారడే క్రొవ్వొత్తిని తలచుకొనవలెను. నల్లని ప్లగ్గు చేతికి వచ్చినచో మిశ్రమము చిక్కనైనదని చెప్పుటకు ముందు, ప్లగ్గు ఆ ఇంజనునకు తగినంత వేడిదియేనా అని అడుగవలెను. ప్లగ్గును మార్చి నలుపును పోగొట్టవచ్చును. మిశ్రమము మాత్రము పూర్వమువలెనే ఉండును.

వేడికి తాళలేక పింగాణి పగులుట ఆ కాలపు పందెగాండ్రకు పెద్ద బెడద. బ్రిటిషు పందెగాడు కెనెల్మ్ లీ గిన్నెస్ అభ్రకముతో ప్లగ్గులు చేయించెను. ఆయన పేరులోని మొదటి అక్షరములతో అవి కె.ఎల్.జి. ప్లగ్గులని ప్రసిద్ధికెక్కినవి. 1922లో బ్రూక్‌లాండ్స్ బాటపై గంటకు సుమారు 215 కిలోమీటర్ల వేగముతో కారు నడిపి ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడును ఈయనే. రేకులు రేకులుగా విడిపోవు అభ్రకము వేడికి పగులదు, విద్యుత్తును పోనీయదు. అభ్రకమునకు ఆ దినములలో భారతదేశమే ప్రపంచమునకు పెద్ద ఆధారము. మన నెల్లూరు మండలములోని గూడూరు ప్రాంతపు గనులు కూడ అందు పాలుపంచుకొన్నవి.

మన పొలములకు పరిచయమైన మరియొక వస్తువు కూడ ప్లగ్గు చరిత్రలో చేరినది, అది ఆముదము. మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానములలో సిలిండర్లన్నియు గిరగిర తిరిగెడి ఒక జాతి ఇంజనులు ఉండెడివి. వానిలో కందెనకు ఆముదమునే వాడిరి; ఏలయన అది పెట్రోలులో సులభముగా కరగదు. కాని సగము కాలిన ఆముదము ప్లగ్గులపై బంకవలె పట్టి రవ్వను చంపెడిది. నల్లనిదంతయు చిక్కని మిశ్రమపు మసి కాదని మెకానిక్కులు నేర్చుకొనిరి. పొడిగా వెల్వెట్టు గుడ్డవలె ఉన్న నలుపు వేరు. తడిగా మెరయు నూనె నలుపు వేరు. మొదటిది కార్బ్యురేటరు సంగతి, రెండవది పిస్టను రింగుల సంగతి.

మాన్ ద్వీపపు పాఠము

ఇంగ్లండు, ఐర్లండుల నడుమనున్న మాన్ ద్వీపములో 1907 నుండి మోటారుసైకిలు పందెములు జరుగుచున్నవి. 1911లో పందెము కొండబాట పట్టినది. నేటి కొలత ప్రకారము ఆ బాట ఒక చుట్టు 60.7 కిలోమీటర్లు. సముద్రతీరపు ఊళ్లనుండి బయలుదేరి సుమారు 420 మీటర్ల ఎత్తు ఎక్కి మరల దిగును. అంత ఎత్తున గాలి సాంద్రత సుమారు నూటికి నాలుగు పాళ్లు తగ్గును. అదే జెట్టుతో మిశ్రమము సుమారు రెండు పాళ్లు చిక్కబడును. తీరమున ఖచ్చితముగా సరిపోయిన జెట్టు కొండపై బలమును కొంత పోగొట్టును. కొండకు తగినట్లు చిన్న జెట్టు పెట్టినచో తీరపు సమతల బాటపై, సంపూర్ణ వేగములో, పిస్టను కాలును. రెండవది చెల్లించరాని మూల్యము. కనుక తీరమునకు సరిపడునట్లు అమర్చి, కొండపై కలుగు నష్టమును ఓర్చుకొనుట వివేకము.

పందెమునకు ముందు దినములలో జెట్టు నిర్ణయించుటకు ప్లగ్గు చదువు అక్కరకు వచ్చినది. 1927లో మూడు బ్రిటిషు సంస్థల కలయికవలన ఏర్పడిన అమాల్ కార్బ్యురేటరులో పెద్ద జెట్టుపై చెక్కిన సంఖ్య, నిమిషమునకు దానిగుండా పోవు ద్రవమును ఘన సెంటీమీటర్లలో తెలుపును. మొదట తప్పక చిక్కనగునంత పెద్ద జెట్టు పెట్టవలెను. కొత్త ప్లగ్గు బిగించి, ఇంజను కాగిన తరువాత, పై గేరులో థ్రాటిల్ పూర్తిగా తెరచి కిలోమీటరు వరకు పోవలెను. అదే వేగములో నుండగా రవ్వను ఆపి, ఆ క్షణముననే క్లచ్చి పట్టి, బండిని దానంతట అది దొర్లనిచ్చి ఆపవలెను. పిదప ప్లగ్గు విప్పి చూడవలెను. మసి కనబడినచో ఒక మెట్టు చిన్న జెట్టు పెట్టి మరల పోవలెను.

రవ్వను వేగములోనే ఆపుట ఎందుకు? నెమ్మదిగా నడుపుకొని వచ్చినచో, ఆ కొద్ది నిమిషములలో చిన్న జెట్టు చిక్కని మిశ్రమమునిచ్చి ప్లగ్గుపై వేరొక మసి పూయును. పెద్ద జెట్టు వ్రాసిన వ్రాత చెరిగి, చిన్న జెట్టు వ్రాత మిగులును. ఇది తెలియక జెట్టును చిన్నది చేసి పిస్టను పోగొట్టుకొనుట ఆ విద్యలో మొదటి ప్రమాదము. ఆస్ట్రేలియా ఇంజనీరు ఫిల్ ఇర్వింగ్ 1948లో "ట్యూనింగ్ ఫర్ స్పీడ్" అను గ్రంథమును ప్రచురించిన నాటికి, చేతివాటముగా సాగిన ఇంజను సవరణ విద్య పుస్తకరూపమునకు ఎక్కినది.

మెకానిక్కులు నేర్చిన అక్షరమాల సంగ్రహముగా ఇట్టిది. పొడి నలుపు: చిక్కని మిశ్రమము, లేదా చల్లని ప్లగ్గు, లేదా బలహీనమైన రవ్వ. తడి నలుపు: నూనె. బిస్కత్తు వంటి గోధుమరంగు: సరియైన స్థితి. పాలిపోయిన తెలుపు, పొక్కులు: మితిమీరిన వేడి, దీనికి పలుచని మిశ్రమముతోపాటు వేళకు ముందు దుముకు రవ్వయు, తగని వేడి ప్లగ్గును కారణములు కావచ్చును. మెరయు సూక్ష్మమైన లోహపు చుక్కలు: పిస్టను అల్యూమినియం కరుగుచున్నది, బండిని వెంటనే ఆపవలెను.

గోధుమరంగు వెనుక సీసము

ఈ అక్షరమాలలో అందరు మెచ్చుకొన్న గోధుమరంగునకు వేరొక కథ కలదు. 1921 డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని డేటన్ నగరమున, జనరల్ మోటార్సు పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ, ఇంజనులోని పేలుడు చప్పుడును అణచుటకు పెట్రోలులో టెట్రాఇథైల్ సీసమును కొద్దిగా కలిపిన చాలునని కనుగొనెను. 1923 ఫిబ్రవరిలో ఆ పెట్రోలు అదే నగరములో అమ్మకమునకు వచ్చినది. కాని సీసము మండిన తరువాత మిగులు ఆక్సైడు ప్లగ్గులపైనను కవాటములపైనను గట్టిగా పేరుకొనెడిది. ప్లగ్గులు చెడిపోవు పెట్రోలును ఎవరు కొందురు?

దానికి ఉపాయముగా బ్రోమీను కలిగిన ఇథిలీన్ డైబ్రోమైడును పెట్రోలులో చేర్చిరి. ఇంజను వేడికి సీసము బ్రోమైడుగా మారి, ఆవిరియై పొగగొట్టమునుండి వెలుపలికి పోవును. ఇందుకు కావలసిన బ్రోమీనును సముద్రజలమునుండి తీయుటకు 1934లో ఉత్తర కరోలినా తీరమున ఒక కర్మాగారము కూడ వెలసినది. ప్లగ్గు బాగుపడినది. ఏ కొద్దిపాటి సీసపు లవణములు ప్లగ్గుపై మిగిలినవో అవి పింగాణికి ఇంపైన గోధుమరంగు పూసినవి. అభ్రకమునకు మాత్రము సీసము పడలేదు, దానిని తినివేసినది. 1930 దశకమున అల్యూమినియం ఆక్సైడును అధికమైన వేడిలో కాల్చి చేసిన గట్టి పింగాణి దాని స్థానమును ఆక్రమించినది. నేటి ప్లగ్గులోని తెల్లని భాగము అదియే.

ప్లగ్గుపై నిలువని సీసము ఎక్కడికి పోయినది? గాలిలోనికి, మట్టిలోనికి, ఊపిరితిత్తులలోనికి. అది విషమని తయారీదారులకు తెలియక కాదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున ఆ ద్రవమును తయారుచేయుచు ఐదుగురు కార్మికులు విషమెక్కి మరణించిరి. అయినను వాడకము ఆగలేదు. భూమి వయస్సును 455 కోట్ల సంవత్సరములుగా లెక్కకట్టిన క్లేర్ ప్యాటర్సన్, తన కొలతలలో ఎచ్చట చూచినను సీసము అడ్డుతగులుచుండుటను గమనించి, 1965లో మానవుల శరీరములలోని సీసము సహజమైన స్థాయిని ఎంతగానో మించినదని ప్రకటించెను. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసము కలిగించు హాని నేడు సందేహమునకు తావులేనిది.

ఇంతకాలము మెకానిక్కు ప్లగ్గును చూచి "బాగున్నది" అని సంతోషించుచునే ఉండెను. అతడు చదివినది తప్పు కాదు. ఇంజను బాగుగనే ఉన్నది. ప్లగ్గు ఇంజను సంగతి చెప్పును. వీధిలో ఆడుకొను పిల్లవాని నెత్తురు సంగతి దానిని అడిగినను చెప్పలేదు.

రంగు మారినది

అమెరికాలో 1975 నాటి కొత్త కార్లకు పొగను శుద్ధిచేయు ఉత్ప్రేరక సాధనములు వచ్చినవి. సీసము వానిపై పేరుకొని వానిని పనికిరాకుండ చేయును; సీసము లేని పెట్రోలు అవసరమైనది. మన దేశములో 1995 ఏప్రిలు 1వ తేదీనుండి నాలుగు మహానగరములలో కొత్త కార్లకు ఈ సాధనము తప్పనిసరి యైనది. 2000 ఫిబ్రవరి 1వ తేదీనుండి దేశమంతటను సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. ప్రపంచములో రోడ్డు వాహనములకు సీసపు పెట్రోలు అమ్మిన కడపటి దేశము అల్జీరియా. అచ్చట అది 2021లో ఆగినది. చిన్న పిస్టను విమానముల పెట్రోలులో మాత్రము సీసము చాలచోట్ల నేటికిని కలదు.

సీసము పోగానే ప్లగ్గు లిపి మారినది. సరిగా నడుచు ఇంజనులో కూడ పింగాణి ముక్కు దాదాపు తెల్లగనే ఉండసాగినది. పాత గోధుమరంగునకు అలవాటుపడిన కన్ను దానిని చూచి "పలుచనైనది" అని భ్రమపడి, పెద్ద జెట్టు వేసి పెట్రోలును వృథా చేయును. రంగుపటము తప్పు కాదు. అది వేరొక ఇంధనమును చూచి వ్రాసినది. సీసము లేని పెట్రోలు వాడువారు ముక్కు కొనను వదలి, లోపల పింగాణి లోహపు కవచముతో కలియు అడుగుభాగమును దీపము, భూతద్దము పెట్టి చూడవలెను. అది అన్నింటికంటె చల్లని తావు గనుక మిశ్రమము చిక్కనైనచో మసి అచ్చట సన్నని వలయముగా నిలుచును. క్రొవ్వొత్తి పాఠమే మరల ఉపకరించినది.

కొత్త సాక్షి

1976లో వోల్వో సంస్థ కాలిఫోర్నియాకు పంపిన కార్లలో పొగగొట్టమునకు ఒక కొత్త వస్తువు బిగించిరి. దానిని తయారుచేసినది మాగ్నెటోను తెచ్చిన బాష్ సంస్థయే. చూచుటకు అదియు ప్లగ్గువంటిదే; మరచుట్లు గల లోహపు కవచము, లోపల పింగాణి. ఆ పింగాణి జిర్కోనియం ఆక్సైడుతో చేసినది. కాగిన జిర్కోనియా గుండా ఆమ్లజని అయానులు ప్రయాణించగలవు. ఒకవైపు బయటి గాలి, ఒకవైపు పొగ ఉండగా, రెండువైపుల ఆమ్లజని పాళ్ల భేదమునుబట్టి వోల్టేజి పుట్టును. మిశ్రమము చిక్కనైనచో సుమారు 0.9 వోల్టు, పలుచనైనచో సుమారు 0.1 వోల్టు. నడుమ ఆ మార్పు జరుగునది 14.7 నిష్పత్తి వద్దనే. ఆ సంకేతమును అందుకొని యంత్రమే పెట్రోలును క్షణక్షణము సవరించుకొనును.

పాత సాక్షికిని కొత్త సాక్షికిని భేదమిదియే. ప్లగ్గు తన వేడిని, తనపై మిగిలిన శేషమును చూపును. వానినుండి మిశ్రమమును మనము ఊహించవలెను. జిర్కోనియా ఆమ్లజనినే అడుగును. అయితే అది పొగలోని లెక్క చెప్పును గాని ప్లగ్గు ముక్కు ఎంత కాగినదో, రింగులనుండి నూనె వచ్చుచున్నదో లేదో చెప్పదు. పిస్టను కరిగిన చుక్కలను చూపునది నేటికిని ప్లగ్గే.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశమున భారత్ స్టేజి ఆరు నియమములు అమలులోనికి రాగా, కొత్త ద్విచక్రవాహనములలో చాలవరకు కార్బ్యురేటరు స్థానమును ఇంధనమును చిమ్ము సాధనములు ఆక్రమించినవి. గరుకు కాగితము, పావుచుట్టు మర క్రమముగా కనుమరుగగుచున్నవి. అయినను పాత బండ్లు ఇంకను వీధులలో తిరుగుచున్నవి. వాని ప్లగ్గు విప్పి చూచువారును కలరు. అట్టివారు రంగు చూడగానే తీర్పు చెప్పక, నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ ప్లగ్గు ఈ ఇంజనునకు తగినదేనా? ఏ వేగమున ఆపి విప్పితిమి? ఏ పెట్రోలు మండినది? ముక్కులో ఏ భాగమును చూచుచున్నాము? ఈ నాలుగింటికి సమాధానము దొరికిన తరువాత ప్లగ్గు చెప్పు సాక్ష్యమును నమ్మవచ్చును.